స్పేస్‌షిప్ ప్యాక్ ఆలస్యమవుతోంది, కారణం ఇదీ

గేముల్లో వాడుకునే మా పాడుబడిన స్పేస్‌షిప్ ఎన్విరాన్‌మెంట్ ప్యాక్‌ను (షిప్ గదులు, గోడలు, వస్తువుల సెట్) ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్న మీ అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుకి ఇస్తామన్నాం. ఇవ్వలేకపోతున్నాం, ఇంకో ఆరు వారాలు పడుతుంది. తప్పు మాదే.

డెమో చూసి మీలో ఒకరు "ఇది షిప్‌లా లేదండీ, మూతపడ్డ రైస్ మిల్లులా ఉంది" అని రాశారు. ఆయన చెప్పింది నిజం. నేలంతా దుమ్ము, మూలల్లో బూజు, గోడల మీద తుప్పు కారిన చారలు పెట్టాం. గ్రావిటీ లేనిచోట దుమ్ము నేలకు దిగదు, నీళ్లు కిందికి కారవు.

ఆ తర్వాత సాల్యూట్-7 గురించి చదివాను. 1985 ఫిబ్రవరిలో ఆ సోవియట్ స్పేస్ స్టేషన్ నుంచి సిగ్నల్ ఆగిపోయింది, కరెంటు పోయింది. జూన్‌లో వ్యోమగాములు జానిబెకోవ్, సవినిఖ్ లోపలికి వెళ్లేసరికి చిమ్మచీకటి, గోడల మీద మంచు, గడ్డకట్టిన నీళ్లు. ఫ్యాన్లు తిరగవు కాబట్టి వదిలిన ఊపిరి మనిషి చుట్టూనే పేరుకుపోతుంది. మళ్లీ కరెంటు తెచ్చుకున్నాక మంచు కరిగి ఎక్కడ చూసినా తడి, అదంతా తుడుచుకోవాల్సి వచ్చింది.

అందుకే టెక్స్చర్లన్నీ (గోడలు, వస్తువుల పైన అతికించే బొమ్మలు) తీసేసి మొదటినుంచి చేస్తున్నాం. దుమ్ము ఇప్పుడు గాలి లాక్కునే జాలీల మీదే ఉంటుంది, ఫ్యాన్లు తిరిగిన రోజుల్లో పట్టినది. 1997 జూన్‌లో సరుకు నౌక గుద్దుకుని రష్యా స్పేస్ స్టేషన్ మీర్‌లోని స్పెక్టర్ మాడ్యూల్ (ఒక భాగం) నుంచి గాలి పోతుంటే, తలుపు వేయడానికి దారిలో ఉన్న కేబుళ్లు అడ్డొచ్చాయి. వాటిని ఊడదీసి, కోసి మూశారు. మన షిప్‌లోనూ ఒక తలుపు దగ్గర కోసిన కేబుళ్లు వేలాడకుండా, అటూఇటూ వంకర తిరిగి ఉంటాయి. అక్కడేం జరిగిందో ప్లేయర్‌కు ఏ ఉత్తరమూ చెప్పక్కర్లేదు. ఆ ఒక్క తలుపు మీదే పది రోజులు కూర్చున్నాను, ప్యాక్ మొత్తంలో నాకు బాగా నచ్చిందీ అదే.

ఇక టెన్షన్ పెడుతున్నది మంచు. పొర మీద పొరగా పారదర్శకంగా వేస్తే పాత గ్రాఫిక్స్ కార్డుల మీద ఫ్రేమ్ రేట్ (సెకనుకు తెర మీద వచ్చే బొమ్మల సంఖ్య) పడిపోతోంది. పొరలు తగ్గించి చూస్తున్నాం.

మీ గేమ్‌లో పాత్రలు నడిచేవైతే గ్రావిటీ ఉన్న వెర్షన్ కూడా ఇస్తాం, అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. డబ్బు వెనక్కి కావాలంటే ఆర్డర్ నంబర్‌తో మెయిల్ చేయండి, మూడు రోజుల్లో వేస్తాం. ఆగుతామన్న వాళ్లకు మంచు గది టెస్ట్ ఫైల్ శుక్రవారం పంపుతున్నాను. పాత కార్డు ఉన్నవాళ్లు దాని మీద నడిపి, ఎంత ఫ్రేమ్ రేట్ వస్తోందో దయచేసి రాయండి.