యాసంగి పంట జూన్‌లోనే ఖాయమవుతుంది

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఏటా యాసంగి (రబీ) ముంగిట ‘వరి తగ్గించి ఆరుతడి పంటలు వేయండి’ అనే ప్రకటన వస్తుంది. అంటే మడిలో నీళ్లు నిలపకుండా, అప్పుడప్పుడు తడి ఇస్తే పండే శనగ, నువ్వుల వంటివి. అప్పటికే అదను పోతోంది. వరి తర్వాత ఆ మడిలో ఏ పంట పడుతుందో రైతు జూన్‌లో కొన్న వడ్ల విత్తనమే తేల్చేస్తుంది.

సాంబ మసూరి 150 రోజుల వరి రకం. జూన్ చివర నారు పోస్తే కోత నవంబర్ ఆఖరుకు పోతుంది. మడి ఆరేసరికి డిసెంబర్, శనగకు వేళ దాటినట్టే. తెలంగాణ సోన 125 రోజులకే చేతికొస్తుంది, శనగ మొలవడానికి నేలలో పదును మిగులుతుంది. శనగ వేయించాలనుకున్న ఊరికి వానాకాలంలోనే స్వల్పకాలిక రకం విత్తనం చేర్చండి. సాంబ మసూరి వదలని ఊళ్లకు నువ్వుల పంట నయం. జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం దాకా విత్తుకోవచ్చు. ఎకరానికి రెండున్నర కిలోల గింజ, మూడింతల ఇసుక కలిపి చల్లాలి. నీళ్లు నిలిస్తే మాత్రం బతకదు.

పల్లిని అందరికీ చెప్పకండి. వరి కోసం నీళ్లు పెట్టి దమ్ము చేసి చేసి గట్టిపడ్డ రేగడి మడిలో, కాయ కట్టడానికి మట్టిలోకి దిగాల్సిన ఊడలు సరిగా దిగవు, పీకేటప్పుడు కాయ తెగి మట్టిలోనే ఉండిపోతుంది. పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేసినా ఈ తిప్పలు తప్పవు. అది ఎర్ర చెల్కల (తేలిక నేలల) పంట.

చుట్టూ వరి ఉండగా నడుమ ఒక్కరు శనగ వేస్తే పై మడి నుంచి జాలు (ఊట నీరు) దిగి వేర్లు కుళ్లుతాయి. ఒంటరిగా ఎకరం పొద్దుతిరుగుడు వేస్తే చిలుకల పాలే. అందుకని ఒక్కో రైతుకు విడిగా చెప్పే బదులు, ఒక తూము కింది ఆయకట్టంతా ఒకే ఆరుతడి పంటకు ఒప్పించి, నీళ్లు వారబందీగా (వంతులవారీగా) వదలండి. అడవి పందులకు కాపలా కూడా అందరూ కలిసి కాయొచ్చు.

అసలు చిక్కు అమ్మకంలో ఉంది. వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది. శనగ, పల్లికి కేంద్ర ప్రభుత్వ మద్దతు ధర పథకంలో ఉత్పత్తిలో 25 శాతమే పరిమితి. ఈ లెక్క తెలిసే రైతు వరికి అంటిపెట్టుకున్నాడు. దాన్ని మొండితనం అనడం అన్యాయం. యాసంగి వడ్లు మార్చి, ఏప్రిల్ ఎండలకు నూకలవుతాయనీ, నూక తగ్గాలని ఆ వడ్లను ఉడికించి ఆడించే ఉప్పుడు బియ్యం కొనబోమని 2021లో కేంద్రం అన్నదనీ అతనికీ తెలుసు. కానీ శనగ కొనేవాళ్లేరి?

కేంద్రం కొనగా మిగిలినదాన్ని మార్క్‌ఫెడ్ (రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య) ద్వారా రాష్ట్రమే కొంటుందని విత్తనానికి ముందే జీవో ఇవ్వండి. కొనుగోలు కేంద్రాలు తెరిచే తేదీ అందులో రాయండి. శనగ ఫిబ్రవరిలో కోతకొస్తుంది. మార్చి చివర తెరిస్తే సరుకు అప్పటికే దళారి గోదాములో ఉంటుంది.

ఇట్లు,
ఆయకట్టు రైతులు, వ్యవసాయ విస్తరణలో పనిచేసినవారు