శీనూకి, మా బడి ఖర్చుల సంగతి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? ఇక్కడ మేమంతా బాగున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి గానీ సాయంత్రం రామాలయం దాకా నడక మాత్రం మానలేదు. నిన్ను ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది.

అమెరికా నుంచి నువ్వు పంపిన మెసేజ్ చూశాను. "మీ బడికి ఏం కావాలో చెప్పు, ఇక్కడ నలుగురం కలిసి డబ్బు పంపిస్తాం" అన్నావు. మనసు నిండిపోయింది. కానీ దానికి ఫోన్లో సరే అనో, వద్దు అనో ఒక్క ముక్క కొట్టి ఊరుకోబుద్ధి కాలేదు. చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే మైనంపాడు డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసిన రోజుల్లో సెలవులకి ఇళ్ళకెళ్ళి రాసుకున్నట్టు ఉత్తరమే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నువ్వు రాసినదాంట్లో నన్ను కదిలించింది డబ్బు పంపుతానన్న మాట ఒక్కటే కాదు. అంత డబ్బున్న దేశంలో కూడా టీచర్లు సొంత డబ్బుతో పెన్సిళ్ళు, రంగులు కొంటారన్న సంగతి. 2014-15లో అక్కడి ప్రభుత్వమే సర్వే చేస్తే, ప్రభుత్వ బడుల టీచర్లలో 94 శాతం మంది జేబులోంచి పెట్టామని చెప్పారనీ, అలా పెట్టినవాళ్ళ ఖర్చు ఏడాదికి సగటున 479 డాలర్లనీ నువ్వు పంపింది చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో చదివి వినిపించాను. "నిజమేనా సార్?" అని అందరూ అడిగినవాళ్ళే. మీకు ఆదాయ పన్నులో దానికో వెసులుబాటు ఉందన్న విషయం ఇంకా కొత్తగా అనిపించింది. 2002 నుంచి 250 డాలర్ల దాకా, 2022 నుంచి 300 దాకా ఆదాయంలోంచి తీసేసి లెక్క కట్టుకోవచ్చన్నావు. దానివల్ల మిగిలేది కొంచెమే కావచ్చు. అయినా "టీచర్లు సొంత డబ్బు పెడుతున్నారు" అని ఒక దేశం తన పన్నుల చట్టంలో ఒప్పుకోవడం చిన్న విషయం కాదురా. మా ఆదాయ పన్ను లెక్కల్లో పాత పద్ధతిలో అయితే ఎల్ఐసీకి, ఇంటి అప్పుకి, పిల్లల ఫీజులకి చోటుంది. బడికి పెట్టినదానికి పాత పద్ధతిలోనూ లేదు, కొత్త పద్ధతిలోనూ లేదు.

ఇక మా బడి సంగతి. మార్కాపురం దాటి లోపలికి రావాలి. ఒకటి నుంచి ఐదు దాకా అన్నీ కలిపి ముప్పై మంది లోపే పిల్లలు, ఇద్దరం టీచర్లం. జూన్‌లో బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం, పాఠ్యపుస్తకాలు ప్రభుత్వం ఇస్తోంది. మనం చదువుకునేటప్పుడు ఇవన్నీ ఎక్కడివి? కాబట్టి ప్రభుత్వం ఏమీ ఇవ్వట్లేదని నేను అనను. నా చేతి నుంచి పోయేవి ఆ కిట్టులో లేని చిన్నచిన్నవి. పెన్సిలు, రబ్బరు, మెండర్. ఒకటో తరగతి పిల్లలు పెన్సిల్ని ఎంత తొందరగా అరగదీస్తారో నీకు తెలుసు. సోమవారం ఇస్తే శుక్రవారానికి బొటనవేలంత మిగులుతుంది. ఇంట్లో అడిగితే "మొన్ననే కొన్నాం కదా" అని రెండు తగిలిస్తారు. అందుకని పొద్దున్నే వచ్చి, పక్కవాడి పెన్సిలు ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చుంటారు. అలా కూర్చున్న పిల్లని చూస్తూ పాఠం ఎలా చెప్తాం? బీరువాలోంచి తీసి ఇస్తాం.

చార్టులు, స్కెచ్ పెన్నులు, ఫెవికాల్, అక్షరాల కార్డులు చేసే అట్టలు సరే. అవి బోధన సామగ్రి అని అందరికీ తెలుసు. తెలియనివి వేరే ఉన్నాయి. దువ్వెన, కొబ్బరినూనె, గోళ్ళు తీసే కట్టర్, దెబ్బ తగిలితే దూదీ మందూ, ఆడపిల్లల జడలకి రిబ్బన్లు, తాళం పోతే తాళం. ఆగస్టు 15కీ జనవరి 26కీ రంగు కాగితాలు, బిస్కెట్లు, చాక్లెట్లు. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటకి కరపత్రాలు, ఫ్లెక్సీ. హాజరు, భోజనం ఫొటోలు, ఇంకా ఏవేవో యాప్‌లు, అన్నీ మన ఫోన్లోనే, మన రీచార్జ్‌తోనే. పక్క మండలంలో మన బ్యాచ్ వాళ్ళొకరు ఎస్సీ కాలనీ పిల్లలు దూరం నుంచి నడవలేకపోతున్నారని ఆటో మాట్లాడి, నెలనెలా కిరాయి తామే ఇస్తున్నారు. ఎవరికీ చెప్పరు. నాకూ ఆటో అతను చెప్తేనే తెలిసింది.

"మరి గ్రాంటు రాదా?" అని అడిగావు. వస్తుంది. సమగ్ర శిక్ష పథకం కింద కాంపోజిట్ గ్రాంటు అంటారు. ముప్పై మంది దాకా ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది దాకా ఉంటే 25,000. అందులో పదోవంతు పరిశుభ్రతకే పెట్టాలి. కరెంటు బిల్లు, రిజిస్టర్లు, సుద్దముక్కలు, చీపుర్లు, ఫినాయిలు, కుళాయి మరమ్మతు, పాడైన ఫ్యాను, ఆటవస్తువులు అన్నీ మిగిలిన దాంట్లోనే సర్దాలి. ఇప్పుడు బడి పేరున ఉన్నది జీరో బ్యాలెన్స్ ఖాతా. డబ్బు పై ఖాతాలో ఉంటుంది, మాకు ఇంతవరకు వాడుకోవచ్చని పరిమితి వస్తుంది. ఆ పరిమితి బడి తెరిచే జూన్‌లో కాకుండా ఏడాది సగం గడిచాక వస్తే, అప్పటిదాకా బడి నడిచేది ఎవరి డబ్బుతో? తల్లిదండ్రుల కమిటీ తీర్మానం, బిల్లు, వోచరు ఉండాలనడం సబబే, ప్రజల డబ్బు కదా. కానీ ఊళ్ళో చిల్లర కొట్టువాడు రెండు రబ్బర్లకి, అర డజను పెన్సిళ్ళకి బిల్లు ఎక్కడిస్తాడు? ఆ చిన్న ఖర్చే రోజూ ఉండేది.

నీకు గుర్తుందో లేదో, డీపీఈపీ అనే పాత విద్యా పథకం కాలంలోనూ, తర్వాత సర్వశిక్షా అభియాన్‌లోనూ ఒక్కో టీచరుకి ఏడాదికి 500 రూపాయలు టీఎల్ఎం (బోధన సామగ్రి) గ్రాంటని విడిగా ఉండేది. నా దృష్టిలో ఆ 500, ఈ వేల కంటే గొప్పది. ఎందుకంటే అది టీచరు కోసం అని పేరు పెట్టి ఇచ్చింది. తరగతిలో ఏది అవసరమో తరగతిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుందని నమ్మి ఇచ్చింది. ధరలకి తగ్గట్టు దాన్ని పెంచాల్సింది పోయి, తర్వాత అదే లేకుండా పోయింది.

ఇంకో మాట. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం వెనక ఒక షెడ్యూలు ఉంటుంది, చూశావా? ప్రతి తరగతికీ అవసరమైన బోధనాభ్యసన సామగ్రి సమకూర్చాలని, ప్రతి బడికీ గ్రంథాలయం, ఆటవస్తువులు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. అంటే నేను కొని ఇచ్చే అక్షరాల కార్డు నా దయ కాదు, ఆ పిల్ల హక్కు. ఈ ముక్క గట్టిగా అనుకున్న దగ్గర్నుంచి నాకు మనసు కుదురుగా లేదురా. నేను ఇస్తున్నంతకాలం అది దయలాగే కనపడుతుంది. పిల్లల అమ్మానాన్నలు "మా సారు దేవుడు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఇబ్బందిగా ఉంటుంది. రేపు బదిలీల కౌన్సెలింగ్‌లో నాకు వేరే ఊరు వస్తే? వచ్చే టీచరుకి ఇంట్లో జబ్బు మనిషో, ఇంటి అప్పో ఉంటే? అతను తన డబ్బు పెట్టకపోతే చెడ్డ టీచరు అయిపోతాడా? తక్కువ జీతానికి కాంట్రాక్టు మీద చేసేవాళ్ళు కూడా పక్క తరగతిని చూసి, తమ పిల్లలు చిన్నబోతారని కొంటున్నారు. అది నాకు అన్నిటికంటే బాధ.

బహుమతుల సంగతి అడిగావు కదా. మీ తరగతిలో పెట్టె పెట్టి, పిల్లల్నే ఒక వస్తువు ఎంచుకోమంటావని రాశావు. నాకు భలే నచ్చింది. ఇక్కడ మొదలుపెట్టాను కూడా. ఎక్కాలు అప్పజెప్పినవాళ్ళకి స్కేలు, కథ చదివి సొంత మాటల్లో చెప్పినవాళ్ళకి కొత్త పెన్సిలు. కంపాస్ బాక్సు, పరీక్ష అట్ట ఐదో తరగతి వాళ్ళకి. బహుమతి పెన్సిల్ని ఒకడు చెక్కనే చెక్కడు. చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిప్పుతాడు, రాయడానికి మాత్రం పక్కవాడి దగ్గర ముక్క అడుగుతాడు. లంచం పెట్టి చదివిస్తున్నామని మన వాళ్ళలోనే కొందరంటారు. నేను ఒప్పుకోను. పొద్దున్నే పొలానికి పోయి చీకటి పడ్డాక వచ్చే ఇంట్లో, బాగా చదివావమ్మా అనే తీరిక ఎవరికుంటుంది? ఆ మాట ఈ పెన్సిలు చెప్తుంది. దాన్ని చేత్తో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళొచ్చు, అమ్మకి చూపించొచ్చు.

అయితే హాజరుకి బహుమతి పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. మా వైపు సంగతి నీకు తెలుసు. వానలు లేకపోతే సంక్రాంతి దాటగానే సగం ఊరు గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకి వలస పోతుంది. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలిపెడతారు? వెంట తీసుకెళ్తారు. రెండు నెలలు బడికి రాని పిల్ల తప్పేముంది? అలాంటి పిల్ల తిరిగొచ్చి, మర్చిపోయిన గుణింతాలు మళ్ళీ పట్టుకుంటే, ఆ రోజు పెట్టెలో మొదట చెయ్యి పెట్టేది తనే. ఫస్టు వచ్చినవాడికే బహుమతి ఇవ్వడం కూడా మానేశాను. వాడికి ఎలాగూ చప్పట్లు ఉన్నాయి.

మొన్న జులైలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ అయింది కదా. ఆ రోజు ఒక పని చేశాను. బడికి ఏడాదిలో ఏమేం ఖర్చయ్యాయో, గ్రాంటు ఎంతో, మా ఇద్దరి జేబుల్లోంచి ఎంతో ఒక కాగితం మీద రాసి తల్లిదండ్రులకి చదివి వినిపించాను. పేరు కోసం కాదురా. తల్లిదండ్రుల కమిటీ రిజిస్టర్లో ఆ లెక్క ఎక్కాలని. మా పక్క టీచరమ్మ మొదట వద్దంది. "ఇచ్చింది చెప్పుకుంటే బాగుండదు సార్" అంది. కానీ చెప్పకపోతే పైవాళ్ళ కాగితాల్లో ఆ ఖర్చు లేనట్టే కదా. "ఇచ్చినదాంతోనే బడులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి" అనుకుంటారు, వచ్చే ఏడాదీ అంతే ఇస్తారు. మన మంచితనమే పిల్లల హక్కుకి అడ్డుపడకూడదు. ఇప్పుడు మా కమిటీ తీర్మానం చేసి పైకి రాసింది: టీచరుకి విడిగా చిన్న మొత్తం, జూన్‌లోనే, చిన్న ఖర్చులకి టీచరు సంతకంతో చెల్లేట్టు ఇవ్వమని. మిగతా బడుల కమిటీలు కూడా రాయాలని కాంప్లెక్స్ మీటింగ్‌లో అడిగాను. నాలుగు బడులు ఒప్పుకున్నాయి.

ఆ మీటింగ్‌లోనే ఇంకో సంగతి జరిగింది. ఒక పిల్ల తండ్రి పలకల ఫ్యాక్టరీలో చేస్తాడు. మార్కాపురం పలకల పేరు దేశమంతా తెలుసు గానీ ఇప్పుడు ఆ పని బాగా తగ్గిపోయింది, నోటు పుస్తకాలొచ్చి పలకలు వాడేవాళ్ళే తక్కువయ్యారు. నేను చదివింది విని ఆయన ఏమీ అనలేదు. వారం తిరక్కుండా ఒకటో తరగతికి, రెండో తరగతికి సరిపడా పలకలు మోసుకొచ్చాడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పిల్లలు బడికి రాకుండా ఆ పలకల పనికే పోయేవాళ్ళు, ఆ దుమ్ములోనే పెరిగేవాళ్ళు. ఆయనా అలా పెరిగినవాడే. ఆ పలకల్ని స్టాక్ రిజిస్టర్లో ఆయన పేరుతో ఎక్కించి సంతకం పెట్టమన్నాను. వేలిముద్ర వెయ్యకుండా, మెల్లగా అక్షరం అక్షరం కూడబలుక్కుని పేరు రాశాడు.

కాబట్టి నీ డబ్బు విషయం. నా ఖాతాకి మాత్రం పంపొద్దురా. నన్ను నమ్మవనో, నేను తప్పుగా అనుకుంటాననో కాదు. అది కూడా లెక్కలో లేని డబ్బే అవుతుంది, మళ్ళీ దయ కిందకే పోతుంది. నిజంగా పంపాలనుంటే పుస్తకాలు పంపించు. సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళ బొమ్మల కథలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ పిల్లల పుస్తకాలు, రెండు మూడు వాక్యాలే ఉండి పెద్ద బొమ్మలున్నవి ఎక్కువ ఉండాలి. మాకు గ్రంథాలయం అంటే ఒక ట్రంకు పెట్టె. అందులో ఉన్నవి పిల్లలందరికీ కంఠతా వచ్చేశాయి. పార్సిల్ మీద బడి పేరు, ప్రధానోపాధ్యాయుడు అనే రాయించు, నా పేరు వద్దు. బిల్లు కాపీ లోపల పెట్టమను. రాగానే రిజిస్టర్లో మీ నలుగురి పేర్లూ ఎక్కించి ఫొటో పంపిస్తాను.

మీ బడిలో ఆగస్టులో తల్లిదండ్రులకి ఏమేం కొనాలో జాబితా ఇస్తారన్నావు కదా, అదొకటి నాకు ఫొటో తీసి పంపు. ఏది ఇంటివాళ్ళు తెస్తారు, ఏది బడి ఇస్తుంది, ఏది నువ్వు కొంటావు అని పక్కన గుర్తు పెట్టి మరీ పంపు. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కి అది పనికొస్తుంది.

సంక్రాంతికి వస్తావా రావా అని అమ్మ అడగమంది. వస్తే ఒక రోజు బడికి రావాలి. లెక్కలు నువ్వే చెప్పాలి, ఐదో తరగతికి భిన్నాలు అస్సలు ఎక్కడం లేదు.

చెల్లెమ్మకి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

ఇట్లు,
నీ ప్రసాదు