వేగుచుక్కను దెయ్యం చేశారు

సంపాదకులకు నమస్కారం.

‘దెయ్యం కొమ్ముల తేనెటీగ’ అంటూ ప్రపంచమంతా తిరిగిన వార్తలో దెయ్యం, తేనెటీగ అన్న రెండు మాటలూ ఆ పురుగుకు సరిగ్గా అతకవు.

దాని పేరు మెగాకైలీ లూసిఫర్. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రెమర్ కొండల్లో 2019లో కిట్ ప్రెండర్‌గాస్ట్ అనే శాస్త్రవేత్త కంటపడింది. ఆమె అక్కడికి వెళ్లింది ఒక మొక్క కోసం. మారియాంథస్ అక్విలోనారిస్ అనే ఆ మొక్క ఆ చుట్టుపక్కల తప్ప మరెక్కడా లేదు, అంతరించే అంచున ఉంది. దాని పూల మీద ఏవేవి వాలుతున్నాయో చూస్తుంటే ఈ ఈగ (ఇంగ్లీషులో ‘బీ’ అనేది, ఇంట్లో ముసిరే ఈగ కాదు) దొరికింది. ఆడదాని ముఖాన, నోటికి పైనుండే పలక మీద రెండు కొమ్ములున్నాయి. ఒక్కొక్కటి సుమారు 0.9 మిల్లీమీటర్లు, ఆవగింజంత కూడా కాదు. మగవాటికి అసలు లేవు.

లూసిఫర్ అంటే క్రైస్తవ కథల్లో సైతాను. ఆ పేరు కొమ్ములను చూసి, ఆ రోజుల్లో ఆమె చూస్తున్న ఒక టీవీ సిరీస్‌ను తలచుకుని పెట్టినదే. అయితే లాటిన్‌లో ఆ మాటకు వెలుగు తెచ్చేది అని అర్థం. తెల్లవారుజామున తూర్పున కనిపించే శుక్రుణ్ని రోమన్లు అలా పిలిచేవారు. అంటే మన వేగుచుక్క. ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా తెలుగు పాఠకుడికి దెయ్యాన్ని చూపించడం ఎందుకు?

ఇక తేనెటీగ సంగతి. ఆ మాట వింటే మనకు తుట్టె, రాణి, కూలి ఈగలు, సీసాడు తేనె గుర్తుకొస్తాయి. ఇది ఒంటరి ఈగ. ఆడది తానే గూడు చూసుకుంటుంది, తానే పుప్పొడి మోసుకొస్తుంది, పుప్పొడిలో మకరందం కలిపి ముద్ద చేసి, దాని మీద ఒక్క గుడ్డు పెట్టి గది మూసేస్తుంది. పిండుకోవడానికి తేనె ఉండదు. లోకంలో ఈ రకం ఈగల (బీల) జాతులు 20 వేలకు పైగా ఉంటే ఎక్కువ భాగం ఇలా బతికేవే. ఎండు కర్రకు గుండ్రటి తొర్ర వేసే మన నల్ల తుమ్మెద కూడా తుట్టె కట్టదు.

2019లో దొరికితే కొత్త జాతిగా దాని వర్ణన 2025 నవంబరులో అచ్చయింది. ఆరేళ్లు ఎందుకు పడుతుందో చెప్పాలంటే పనిబల్ల దగ్గరికి రావాలి. పట్టిన ఈగను బిగుసుకోక ముందే పిన్నుకు గుచ్చాలి, అదీ వీపు నడిగీతకు కాస్త కుడివైపున. పిన్ను దిగిన చోట గుర్తులు పాడైనా ఎడమవైపువి మిగులుతాయి. సీసాలో చెమ్మ చేరితే వెంట్రుకలు అట్టకట్టి, పొట్ట మీది పట్టీల రంగు తెలియకుండా పోతుంది. మగదైతే జననాంగాన్ని మెత్తగా ఉన్నప్పుడే బయటికి తీసిపెట్టాలి. చాలా జాతుల మధ్య తేడా అక్కడే దొరుకుతుంది. చీటీ మీద చోటు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వాలిన పువ్వు, పట్టినవారి పేరు ఉండాలి. బాల్‌పెన్నుతో రాస్తే కొన్నేళ్లకు వెలిసిపోతుంది. చీటీ లేని ఈగ ఎంత అందమైనదైనా పనికిరాదు.

డీఎన్‌ఏకు ఒక కాలు చాలు. సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్కను చదువుతారు. కొమ్ములున్న ఆడదీ, లేని మగదీ ఒకే జాతివని తేలింది దీనివల్లే. దీనిలోనూ బోల్తా పడే చోట్లున్నాయి. పురుగుల కణాల్లో కాపురముండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా డీఎన్‌ఏ వచ్చిపడితే, చూసుకోనివారు అది ఈగదే అనుకుంటారు.

అన్నిటికన్నా జాప్యం పాత నమూనాలతో పోల్చడంలో. మన దేశంలో ఇది మరీ కష్టం. బ్రిటిష్ కాలంలో వర్ణించిన అనేక జాతుల మూల నమూనాలు (పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన అసలు పురుగులు) లండన్‌లో ఉన్నాయి. 1897లో బింగ్‌హామ్ అనే కీటక శాస్త్రవేత్త రాసిన వర్ణనలను ఇప్పటికీ తిరగేయక తప్పదు. కొన్నింటికి ఆడదే తెలుసు, కొన్నింటికి మగదే. జత కలపకుండా కొత్తదని ప్రకటిస్తే, రేపు అది పాత జాతికే మగదని తేలుతుంది. అప్పుడు ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, మన పేరు కొట్టివేతలోకి పోతుంది. పైగా 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి నమూనాను ప్రభుత్వం గుర్తించిన సంస్థలో జమ చేయాలి. ఇంట్లో అగ్గిపెట్టెలో దాచుకుంటే కుదరదు.

ఈ లూసిఫర్ ప్రజాతికే, అంటే మెగాకైలీ అనే దగ్గరి జాతుల గుంపుకే చెందిన ఈగలు మన కంది పూత మీద తిరుగుతాయి. కందిలో పరపరాగ సంపర్కానికి ఇవి ముఖ్యమైనవి. పెరట్లో గులాబీ ఆకు అంచున కత్తెరతో తీసినట్టు నున్నటి అర్ధచంద్రాలు కనిపిస్తే అది వీటి పనే. కోలగా కోసిన ముక్కలు గది గోడకు, గుండ్రటివి మూతకు. గొంగళిపురుగు తింటే అంచు గరుకుగా ఉంటుంది, కింద రెట్టలు పడతాయి. ఆ తేడా చూడకుండా మందు కొట్టేవాళ్లే ఎక్కువ.

ఫోన్‌తో ఫొటో తీసేవారు వీపు మీద నుంచి ఒకటి తీసి ఊరుకుంటారు. ముఖం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ముందు రెక్కలో ఈనెల మధ్య ఉండే గదులు లెక్కపెట్టగలిగేట్టు ఒకటి, పొట్ట అడుగున ఒకటి తీయాలి. మెగాకైలీ ఉన్న కుటుంబపు ఆడ ఈగలు పుప్పొడిని కాళ్లకు కాక పొట్ట అడుగు వెంట్రుకలకు పట్టించుకుని మోస్తాయి, అక్కడ పచ్చగా కనబడితే సగం గుర్తుపట్టినట్టే. వాలిన మొక్కను కూడా ఒక ఫొటో తీయండి. లూసిఫర్‌నే తీసుకోండి, పైనుంచి ఒక్కటే తీసి ఉంటే ఆ కొమ్ములు ఫొటోలో సరిగ్గా పడేవి కావేమో.

ఇట్లు,
కీటక వర్గీకరణ పనిలో ఉన్న పాఠకులు,
హైదరాబాద్