ఎముకలు అతుక్కోవంటూ వేసిన వార్తలో మోతాదు ఏదండీ?

సంపాదకుల వారికి,

మీ ఆరోగ్య పేజీలో "యాంటీబయాటిక్స్ వాడితే ఎముకలు అతుక్కోవు" అని పెద్ద అక్షరాలతో వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. నేను చెన్నై పెరంబూరులో ఫిజియోథెరపీ చేస్తాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు మీ పేపర్ అక్షరం వదలకుండా చదువుతారు, చదివింది ఫోటో తీసి చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపుతారు కూడా. బైక్ మీంచి పడి, కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చి, రాడ్డు వేయించుకుని ఇంటికొచ్చిన ఒక కుర్రాడికి ఆ వార్త చూసి వాళ్లమ్మగారు మాత్రలు ఆపేశారు. "ఎముక పెరగదటండీ, పేపర్లో వేశారు" అన్నారు నాతో. సర్జన్‌కి ఫోన్ చేయించి మళ్లీ మొదలుపెట్టించాం. అలా ఫోన్ చేయించేవాళ్లు లేని ఇళ్ల సంగతే నా టెన్షన్.

వార్త అబద్ధమని నేననను. సగమే వేశారంటున్నాను.

మన ఎముకల లోపలి మూలుగలో కొన్ని మూలకణాలు ఉంటాయి, వాటికి సందర్భాన్ని బట్టి ఎముక కణంగానో, మృదులాస్థి కణంగానో, కొవ్వు కణంగానో మారే గుణం ఉంది. ఎముక విరిగినప్పుడు అతుకు వేసే పనివాళ్లలో ఇవి ముఖ్యమైనవి. ల్యాబ్‌లో వీటిని ప్లాస్టిక్ పళ్లెంలో పెంచి, డెక్సామెథాసోన్, విటమిన్ సి, గ్లిసరోఫాస్ఫేట్ కలిపిన ద్రవం పోస్తే రెండు మూడు వారాల్లో కాల్షియం పేరుకోవడం మొదలవుతుంది. అలిజరిన్ అనే రంగు వేస్తే ఆ కాల్షియం ఎర్రగా కనిపిస్తుంది (మన కలంకారీ ఎరుపు కోసం వాడే చిరివేరులో ఉండేదీ ఈ అలిజరినే, చెప్పకుండా ఉండలేకపోయాను). అదే ద్రవంలో యాంటీబయాటిక్ కూడా కలిపి, ఎరుపు ఎంత తగ్గిందో, ఎన్ని కణాలు చచ్చాయో చూస్తారు. మీరు వేసిన వార్త ఇలాంటి పరీక్షల గురించే. అయితే ఎంత మందు కలిపితే ఎంత తగ్గిందన్నదే ఇందులో అసలు విషయం, మీ వార్తలో లేనిదీ అదే.

ఉదాహరణకి 1996లో వచ్చిన ఒక పరిశోధన చూడండి, అందులో వాడినవి మూలకణాలు కావు, ఎముకను కట్టే కణాలు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ని మిల్లీలీటరుకు 1,000 మైక్రోగ్రాముల వరకూ పోసినా వాటికి పెద్దగా ఏమీ కాలేదు, 10,000 పోస్తే చచ్చాయి. సెఫజోలిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ 100 దాకా ఫర్వాలేదు, 200కి కణాలు పెరగడం తగ్గింది. మనిషికి వాంకోమైసిన్ ఎక్కించేటప్పుడు, తర్వాతి డోసుకు ముందు రక్తంలో మిల్లీలీటరుకు 15, 20 మైక్రోగ్రాములు ఉండేలా చూసుకునేవాళ్లు. ఆ 20కీ ఈ 10,000కీ పొంతన ఎక్కడండీ? 2011లో 21 యాంటీబయాటిక్స్‌ని ఇలాగే పోల్చి చూస్తే రిఫాంపిసిన్, మినోసైక్లిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటివి కణాలను బాగా దెబ్బతీశాయి, వాంకోమైసిన్, అమికాసిన్, టోబ్రామైసిన్ తక్కువ హాని చేశాయి. "యాంటీబయాటిక్స్" అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఈ తేడా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

అంత ఎక్కువ మోతాదు శరీరంలో ఎక్కడా ఉండదా అంటే, ఉంటుంది. సర్జన్ గాయంలో నేరుగా మందు పొడి చల్లినప్పుడు, కృత్రిమ కీలును ఎముకకు అతికించే సిమెంటులో కలిపి పెట్టినప్పుడు ఆ ఒక్కచోట రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందు చేరుతుంది. 1970 ప్రాంతంలో జర్మనీలోని హాంబర్గ్‌లో బుక్‌హోల్జ్ అనే సర్జన్ తుంటి మార్పిడి సిమెంటులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలపడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇది మామూలు పద్ధతే. పళ్లెంలో తేలిన అంకెలు నిజంగా పనికొచ్చేది ఇక్కడ, ఎంత కలపాలో తేల్చుకోవాల్సిన సర్జన్‌కి. మూడు పూటలా మాత్ర వేసుకునే మనిషికి కాదు.

సిప్రో (పైన చెప్పిన సిప్రోఫ్లోక్సాసిన్) సంగతి మాత్రం వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. 2000లో ఎలుకల తొడ ఎముక విరిచి మూడు వారాలు సిప్రో ఇచ్చి చూశారు, ఏ మందూ ఇవ్వని ఎలుకల కంటే వీటి అతుకు బలహీనంగా వచ్చింది, సెఫజోలిన్ ఇచ్చినవాటిలో అలా జరగలేదు. పైగా ఈ కుటుంబం మందులతో స్నాయువులు (కండను ఎముకకు పట్టి ఉంచే తాళ్లు) తెగే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. అలాంటి మాత్రని మనవాళ్లు విరేచనాలన్నా, మూత్రంలో మంటన్నా డాక్టర్ చీటీ లేకుండానే మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటారు, కాలికి కట్టు ఉండగా కూడా. మీరు పెద్ద అక్షరాలు వాడాల్సింది దీనికండీ.

ఇక ఎముకలో చీము పడితే ఏమవుతుందో మీ వార్తలో ఒక్క ముక్క లేదు. స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఎముక కణాల్లోకే దూరి దాక్కుంటుంది, రాడ్డు మీద జిగురు పొరలా పేరుకుంటుంది, దాని చుట్టూ వచ్చే వాపే మూలకణాలను ఎముకగా మారనివ్వదు. మందు వల్ల జరగొచ్చని మీరు భయపెట్టిన నష్టం, మందు ఆపి చీము పడితే అంతకంటే ఎక్కువే జరగొచ్చు. ఎముక బయటికి రాని మామూలు ఫ్రాక్చర్ అయితే, పుత్తూరు కట్టుకి వెళ్లినా ప్లాస్టర్ వేయించుకున్నా యాంటీబయాటిక్ అవసరం సాధారణంగా రాదు, ఆ గొడవే లేదు. ఎముక చర్మం చీల్చుకుని వస్తే మాత్రం లెక్క మారిపోతుంది. 1974లో అమెరికాలో వచ్చిన ఫలితాల్లో, అలాంటి గాయాలకు యాంటీబయాటిక్ ఇవ్వనివాళ్లలో 13.9 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది, సెఫలోథిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లలో 2.3 శాతానికే.

మన ఊళ్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. పళ్లెంలో బాగా చెడ్డపేరు తెచ్చుకున్న మందుల్లో రిఫాంపిసిన్ ఒకటని పైన రాశాను కదా. చెట్‌పేట్‌లోని క్షయ పరిశోధనా కేంద్రం 1956 నుంచీ ఉన్నది. వెన్నెముక క్షయ ఉన్నవాళ్లకి ఐసోనియాజిడ్ అనే క్షయ మందుతో పాటు ఆ రిఫాంపిసిన్‌నే ఆరు నెలలు కొందరికి, తొమ్మిది నెలలు కొందరికి ఇచ్చి, పడుకోబెట్టకుండా తిరగనిస్తూ వైద్యం చేసిన పరీక్షలు ఆ కేంద్రం పాల్గొనగా ఇక్కడే మద్రాసులో జరిగాయి. ఎక్కువమందికి నయమైంది. క్రిమి పోయాక ఎముక తన పని తాను చేసుకుంది. పళ్లెంలో క్రిమి ఉండదు, రక్త ప్రసరణ ఉండదు, మందును విరిచి బయటికి పంపే కాలేయమూ కిడ్నీలూ ఉండవు.

కాబట్టి నా దగ్గరికొచ్చేవాళ్లకి నేను చెప్పేది, ఇచ్చిన మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, కానీ "ఇది ఏ మందు, ఎన్ని రోజులు, దీని బదులు ఎముకకి తక్కువ ఇబ్బంది చేసేది ఏదైనా ఉందా" అని సర్జన్‌ని అడగండి అని. అడిగితే విసుక్కునేవాళ్లూ ఉన్నారు లెండి. అయినా అడగాలి.

ఆ వార్త వచ్చిన చోటే, అంతే జాగాలో మిగతా సగం వేయమని నా మనవి. ఇకమీదట ఇలాంటివి వేసేటప్పుడు ఏ మందు, ఎంత మోతాదు, పరీక్ష చేసింది మనిషిలోనా ఎలుకలోనా పళ్లెంలోనా అన్నవి మొదటి పేరాలోనే ఉండేలా చూడండి. జాగా చాలకపోతే శీర్షిక అక్షరాలు కొంచెం చిన్నవి చేసుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ఫిజియోథెరపిస్టు
పెరంబూరు, చెన్నై