మిగులు సంచి కొనే ముందు

సంపాదకులకు,

సెప్టెంబరు, జనవరి ఇన్‌టేక్‌లకు బ్రిటన్ బయల్దేరే మన పిల్లలకు వీసా, ఫీజులు, అద్దెల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. తిండి ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ‘టూ గుడ్ టు గో’ యాప్ వేసుకోమని ఒక్క మాటతో సరిపెడుతున్నారు. యాప్ మంచిదే. వాడే తీరు తెలియకపోతే మాత్రం కొన్నది చెత్తబుట్టలో పడుతుంది.

కోపెన్‌హాగన్‌లో పుట్టిన ఈ యాప్‌లో బేకరీలు, కేఫ్‌లు, సూపర్‌మార్కెట్లు ఆ రోజు అమ్ముడుపోని సరుకును సంచిలో కట్టి, అసలు ధరలో ఇంచుమించు మూడో వంతుకు ఇస్తాయి. లోపల ఏముందో ముందుగా తెలియదు. నడిచి వెళ్లగలిగే దుకాణాలనే ఎంచుకోవాలి, బస్సెక్కితే మిగిలిందంతా ఛార్జీలకే పోతుంది. డబ్బు ముందే కట్టాలి. వెళ్లడం కుదరదనుకుంటే, సంచి ఇచ్చే వేళ మొదలవడానికి 2 గంటల ముందే రద్దు చేసుకోవాలి. సంచి అందిందని యాప్‌లో చేసే స్వైప్‌ను కౌంటర్ దగ్గర సిబ్బంది చూస్తుండగానే చేయాలి. దారిలోనే చేస్తే సంచి తీసుకున్నట్టు నమోదైపోతుంది. ఒక్కోసారి సరుకు మిగలక దుకాణమే రద్దు చేస్తుంది. డబ్బు వెనక్కి వస్తుంది కానీ ఆ పూట తిండి ఉండదు. అందుకే గదిలో బియ్యం, పప్పు ఉండాల్సిందే.

శాకాహారులు ఫిల్టర్ పెట్టుకున్నా సరే, తినేముందు లేబుల్ చదవాలి. సాసేజ్ రోల్‌లో పంది మాంసం ఉండటం మామూలే. జెల్లీ, మార్ష్‌మాలోల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్, కొన్ని పేస్ట్రీల్లో పంది కొవ్వు ఉంటాయి. వేరుశనగ, నువ్వులు, గుడ్డు పడనివాళ్లు కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. స్పష్టంగా చెప్పకపోతే తినకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ తికమక ప్యాకెట్ల మీది తేదీల దగ్గరే. ‘బెస్ట్ బిఫోర్’ రుచికి సంబంధించింది, అది దాటిన బిస్కెట్లు, బ్రెడ్డు చూసుకుని తినొచ్చు. ‘యూజ్ బై’ ఆరోగ్యానికి సంబంధించింది. ఆ తేదీ దాటితే వాసన బాగున్నా పారేయాల్సిందే, ఎందుకంటే జబ్బు చేసే క్రిములు వాసనకు దొరకవు. ‘యూజ్ బై’ రోజు అర్ధరాత్రిలోపు ఫ్రీజర్‌లో పెడితే పాడవదు, కరిగించాక మాత్రం 24 గంటల్లో తినేయాలి. బ్రెడ్డు ముక్కలు విడివిడిగా ఉండగానే ఫ్రీజ్ చేస్తే కావలసినన్ని తీసి నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు.

రెస్టారెంట్ సంచిలో అన్నం వస్తే ఆ రాత్రే తినాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. బయట పెట్టిన అన్నంలో అవి పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. రాత్రి అన్నం పొద్దున పులిహోర కలిపే అలవాటును ఈ సంచుల విషయంలో పక్కన పెట్టాలి.

మీ విదేశీ విద్య పేజీలో కనీసం తేదీల తేడా, అన్నం జాగ్రత్త, ఈ రెండింటినీ బాక్స్ కట్టి ప్రచురించాలని మనవి.

— ఒక పాఠకుడు, లండన్