హోమ్ సరిపోయేవాళ్లకు ప్రో రాయం

కొత్త సిస్టమ్ చెప్పేటప్పుడు ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి మీరు ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. విండోస్‌లో హోమ్, ప్రో అని రెండు రకాలు (ఎడిషన్లు) ఉన్నాయి. అక్కడికి వచ్చేసరికి మాత్రం చాలామందిది ఒకటే మాట: "ప్రో వేసేయండి, అదే పెద్దది కదా." మాది కంప్యూటర్లు అసెంబుల్ చేసి, సర్వీసు చేసే చిన్న వ్యాపారం. ప్రో అమ్మితే మాకు నాలుగు డబ్బులు ఎక్కువే మిగులుతాయి. అయినా ఇకనుంచి మా కొటేషన్‌లో విండోస్ 11 హోమ్ మాత్రమే రాస్తాం. ప్రో కావాలన్నవాళ్లను ఏ పనికో అడిగి, అవసరం ఉంటేనే మారుస్తాం.

ఎక్కువమంది ప్రో అడిగేది స్పీడ్ కోసం. హోమ్‌లోనూ ప్రోలోనూ లోపల నడిచేది ఒకే విండోస్. గేములు, ఫొటో ఎడిటింగ్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ రెండింటిలోనూ ఒకేలా పనిచేస్తాయి. సెక్యూరిటీ అప్‌డేట్లూ, డిఫెండర్ యాంటీవైరస్ కూడా రెండింటికీ ఒకటే. స్పీడే కావాలంటే ఆ తేడా డబ్బు ర్యామ్ మీదో, మంచి ఎస్‌ఎస్‌డీ మీదో పెట్టండి. పని చేసేటప్పుడు ఆ తేడా మీకే తెలుస్తుంది.

మరి ప్రో ఎవరికి? ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్‌ను విండోస్ వాళ్ల రిమోట్ డెస్క్‌టాప్‌తో తెరిచేవాళ్లకు కావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు కూర్చున్న కంప్యూటర్‌లో హోమ్ ఉన్నా పర్వాలేదు, మీరు తెరవబోయే కంప్యూటర్‌లో ప్రో ఉండాలి. హోమ్ ఉన్న సిస్టమ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి రిమోట్ డెస్క్‌టాప్ నొక్కి చూడండి, ఈ ఎడిషన్‌లో ఆ సౌకర్యం లేదని అక్కడే రాసి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి అవసరపడేవాళ్లకైతే ఎనీడెస్క్ లాంటివి హోమ్‌లోనూ నడుస్తాయి, దాని కోసం ప్రో కొనక్కర్లేదు.

పది, ఇరవై కంప్యూటర్లను ఒకేచోటి నుంచి చూసుకునే ఆఫీసులకు ప్రో తప్పదు. సిస్టమ్‌లను డొమైన్‌లో (ఆఫీసు ఉమ్మడి నెట్‌వర్క్ ఖాతాలో) చేర్చడం, గ్రూప్ పాలసీతో అన్ని సిస్టమ్‌లకూ ఒకే నియమం పెట్టడం, పెద్ద అప్‌డేట్‌ను నెలల తరబడి వాయిదా వేయడం హోమ్‌లో కుదరవు. హోమ్‌లో అప్‌డేట్లను కొన్ని వారాలు ఆపుకోవచ్చు, అంతే. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే హైపర్-వీ, అనుమానమున్న ప్రోగ్రామును విడిగా నడిపి చూసే శాండ్‌బాక్స్ కూడా ప్రోలోనే ఉంటాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇవి లేకపోయినా చదువు ఆగదు: విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్, ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ హోమ్‌లోనూ పనిచేస్తాయి, హైపర్-వీ లాంటి పనే చేసే వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. భారీ త్రీడీ రెండరింగ్ చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. హోమ్ 128 జీబీ ర్యామ్ వరకే వాడుకోగలదు. అంతకు మించి వేయించుకుంటే ప్రో ఉండాల్సిందే.

బిట్‌లాకర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మాకు నిజంగా టెన్షన్ పెట్టేది అదే. డిస్క్ మొత్తాన్ని తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే సౌకర్యం అది. ల్యాప్‌టాప్ పోయినా లోపలి ఫైళ్లు ఎవరి చేతికీ చిక్కవు. పూర్తి కంట్రోల్ ప్రోలోనే ఉన్నా, హోమ్‌లోనూ డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అదే పని చేసేది ఉంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టమ్‌లలో అది దానంతటదే ఆన్ అవుతుంది. అది ఆన్ అయిందన్న సంగతే చాలామందికి తెలియదు. ఏ మదర్‌బోర్డో మార్చాక నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కీ ఇంకెక్కడా లేక, ఆ అకౌంట్‌లోకి కూడా మళ్లీ వెళ్లలేకపోతే మేమే కాదు, ఎవరూ ఆ ఫైళ్లు తీయలేరు. అందుకే సిస్టమ్ ఇచ్చే రోజునే ఆ కీని మీ ఎదుటే కాగితం మీద ప్రింట్ తీసి మీకు ఇస్తాం. దయచేసి దాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకండి.

ఎడిషన్ కన్నా లైసెన్స్ ఏ రకందన్నది ముఖ్యం. ఓఈఎం లైసెన్స్ (కొత్త సిస్టమ్‌తో పాటు వచ్చేది) ఆ మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది, బోర్డు మార్చి కొత్త సిస్టమ్ కట్టుకుంటే వెంట రాదు. రిటైల్ లైసెన్స్‌ను (విడిగా కొనేదాన్ని) పాతదానిలో తీసేసి కొత్తదానిలో వేసుకోవచ్చు. తరచూ అప్‌గ్రేడ్ చేసుకునేవాళ్లు రిటైల్ తీసుకోవడం మేలు. నెట్‌లో కారుచౌకగా దొరికే ప్రో కీలు చాలాసార్లు కంపెనీలకు మొత్తంగా ఇచ్చిన వాల్యూమ్ కీలే అయి ఉంటాయి. ఇవాళ యాక్టివేట్ అయినా, ఆ కీని బ్లాక్ చేసిన రోజున మళ్లీ మొదటికే వస్తారు. లైసెన్స్ లేకుండానే యాక్టివేట్ చేసే యాక్టివేటర్ సాఫ్ట్‌వేర్లైతే చాలావరకు ముందు యాంటీవైరస్ ఆపమంటాయి. మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఉన్న కంప్యూటర్‌లో ఆ పని మేం చెయ్యం, ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే. ఇకనుంచి బిల్లులో ఎడిషన్ పక్కనే అది ఓఈఎమా, రిటైలా అన్నది రాసి ఉంటుంది.

ముందు హోమ్ తీసుకుని, తర్వాత ప్రో అవసరపడితే ఏంటని అడుగుతారేమో. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్‌కి వెళ్లి ప్రోకి మారవచ్చు. ఫైళ్లు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రో నుంచి హోమ్‌కి రావాలంటే మాత్రం మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాలి. హోమ్‌తో మొదలుపెట్టమని మేం అనేది అందుకే.

ల్యాప్‌టాప్‌ల మీద 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' అని కనిపిస్తే కంగారు పడకండి. మెనూల భాష ఒకటే ఉంటుంది, టైపింగ్ ఏ భాషలోనైనా చేసుకోవచ్చు. 'ఎస్ మోడ్' అని ఉంటే స్టోర్‌లోని యాప్‌లే ఎక్కుతాయి. ఆ మోడ్ నుంచి ఉచితంగా బయటికి రావచ్చు, కానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు.

ఇంకా విండోస్ 10 వాడుతున్నవాళ్లకు: దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కొత్త లైసెన్స్ కొనే ముందు ఒక్కసారి ఆగండి. మీ సిస్టమ్‌లో టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉండి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంటే 11కి మారడం ఉచితం. 10 హోమ్ ఉన్నవాళ్లకు 11 హోమ్, 10 ప్రో ఉన్నవాళ్లకు 11 ప్రోనే వస్తుంది. చాలా సిస్టమ్‌లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది, అది ఆన్ చేస్తే చాలు. ఆ చెకింగ్‌కు మేం డబ్బు తీసుకోం. సిస్టమ్ తెచ్చేటప్పుడు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో మాత్రం ఇంటి దగ్గరే చూసుకుని రండి.