వేపపుల్ల కంటే ముందు మిషను మా చేలోకి రావాలి

రాష్ట్ర జల వనరుల శాఖ మంత్రిగారికి,

అయ్యా, నమస్కారం.

అనంతపురం పల్లెల్లో నీళ్ళు చూసే మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు. పంగల వేపపుల్లను రెండు చేతులా బిగించి పట్టుకుని చేనంతా నడుస్తాడు. కొస కిందికి వంగిన చోట రాయి పెట్టి ‘పాయింటు ఇదే’ అంటాడు. కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చూస్తారు. ఆ రాయిని నమ్మి మా రైతులు అప్పు తెచ్చి బోరు వేయిస్తున్నారు. వాళ్ళను మూఢులని తిట్టమనో, పుల్ల పట్టేవాళ్ళ మీద కేసులు పెట్టమనో నేను ఈ ఉత్తరం రాయడం లేదు.

పుల్ల వంగడం నిజమే. నేను పట్టినా వంగింది. అయితే దాన్ని వంచేది నీళ్ళు కాదు, మన చేతులే. అంత బిగువుగా పట్టినప్పుడు మణికట్టు ఇసుమంత తిరిగినా కొస ఒక్కసారిగా కిందికి పోతుంది. మనకు తెలియకుండానే కండరాలు ఇలా కదులుతాయని ఇంగ్లండు వైద్యుడు కార్పెంటర్ 1852లోనే చెప్పాడు. 1990లో జర్మనీలోని కాసెల్‌లో నేలలో గొట్టం పాతి, అందులో నీళ్ళు పారుతున్నాయో లేదో చెప్పమని సుమారు 30 మందిని పరీక్షించారు. ఊరికే ఊహించి చెప్పినా ఎన్ని సరిపోతాయో, వాళ్ళు చెప్పినవీ దాదాపు అన్నే సరిపోయాయి.

మరి ఊళ్ళో ఫలానా వాళ్ళకు నీళ్ళు పడ్డాయి కదా అంటారు. పడతాయి. వంక పక్కన, చెరువు కింద ఎక్కడ వేసినా కాసిన్ని పడతాయి. పైగా అనుభవమున్న మనిషి పుల్ల వంగక ముందే పల్లాన్ని, చెట్లను, పుట్టలను చూసుకుంటాడు. ఈ చూపు మనకు పాతదే. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే దక్షిణం పక్కన రెండు నిలువుల లోతులో తియ్యటి నీళ్ళుంటాయని రాశాడు. అక్కడ చెట్టు వేళ్ళతో సహా నేలలో ఉంది. మేం పట్టుకునేది తెంపిన పుల్ల. రెండు నిలువుల లోతు బావులకు చెట్టు గుర్తు పనికొచ్చి ఉండొచ్చు. ఇవాళ మా బోర్లు వందల అడుగులు దిగుతున్నాయి. కింద గట్టి గ్రానైటు, నైసు అనే రాళ్ళు. ఆ లోతులో నీళ్ళుండేది రాతి పగుళ్ళలోనే. పగులు తగిలితే తోట బతుకుతుంది, నాలుగు గజాలు తప్పితే దుమ్ము లేస్తుంది.

మీ భూగర్భ జల శాఖ దగ్గర రెసిస్టివిటీ మిషన్లున్నాయి. కడ్డీలు పాతి నేలలోకి కరెంటు పంపితే, గట్టి రాయి దాన్ని ఎక్కువగా అడ్డుకుంటుంది, నీళ్ళున్న పగులు రాయి తక్కువగా. బంకమట్టి కూడా నీళ్ళలాగే కనబడి మోసం చెయ్యొచ్చు, నిజమే. అయినా ఏ లెక్క చూసి చెప్పారో కాగితం మీద ఉంటుంది.

చీనీ (బత్తాయి) చెట్లు ఎండుతున్నప్పుడు రైతుకు ఓపిక ఉండదు. బోరుబండి ఊళ్ళో ఒకటి రెండు రోజులే ఉంటుంది. నీళ్ళు చూసే మనిషి ఫోను చేస్తే తెల్లారేసరికి చేలో ఉంటాడు. దరఖాస్తూ సంతకాలూ అయ్యి మన వంతు వచ్చేసరికి బండి పక్క మండలంలో ఉంటుంది. పుల్లకున్న బలమంతా ఇక్కడుందని నా నమ్మకం.

ఇంకొకటి. నీళ్ళు పడిన బోరును ఊరంతా చెప్పుకుంటుంది, ఫెయిలైనదాన్ని ఎవరూ లెక్క పెట్టరు. (మూత వెయ్యకుండా వదిలేసినవి పిల్లల ప్రాణాలే తీశాయి. దాని గురించి వేరే ఉత్తరం రాయాలి.) 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు అనుమతి, బండికి రిజిస్ట్రేషను ఉండాలి. ఆ బండివాళ్ళ చేతనే ప్రతి బోరు లోతు, తగిలిన రాయి, పడిన నీళ్ళు, అసలు పడకపోతే అది కూడా రాయించండి. సర్వే నంబరు వారీగా రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించండి. పక్క చేలో ఎన్ని బోర్లు ఎండాయో కళ్ళతో చూసినవాడు అప్పు చేసేముందు ఆగుతాడు.

నీళ్ళు చూసేవాళ్ళలో చదువుకున్న కుర్రాళ్ళూ ఉన్నారు. ఊరి నేల వాళ్ళకు తెలుసు, రైతులు వాళ్ళ మాట వింటారు. వాళ్ళకు ఆ మిషను నేర్పించి, జియాలజిస్టు కింద మండలానికొకరిని పెట్టండి. ఈ వేసవికి బోరుబండ్లు దిగకముందే ఆ ఉత్తర్వు ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక చీనీ రైతు
అనంతపురం జిల్లా